డిస్కు పోయినాక మిగిలిన అంచులు

తిరుత్తణిలో మా ఇంటి ముందర గదే నా ఆఫీసు. చుట్టుపక్కల పవర్‌లూమ్ మగ్గాలకు చీర అంచుల డిజైన్లు వేసిస్తాను. కంప్యూటర్‌లో గళ్ళు నింపి బొమ్మ గీస్తే, ఒక్కో వరుసకు ఒక్కో అట్ట చొప్పున మెషీన్ రంధ్రాలు కొడుతుంది. ఆ అట్టల్ని దండలాగా కుట్టి మగ్గం పైన తగిలిస్తే, రంధ్రం ఉన్న చోట నూలు లేచి అంచు మీద బొమ్మ పడుతుంది. పెళ్ళయిన కొత్తలో మా మామ గ్రాఫ్ కాగితం మీద ఈ పని నేర్పించినాడు. ఆయన పోయినాక ఆ కాగితాలకు చెదలు పట్టింది. డిజైన్లన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి ఉంటిని గదా అని నేను పెద్దగా బాధపడలేదు.

ఒక పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. తెర మీద ఏమీ రాలేదు. ఆపి మళ్ళీ వేసినాను. అట్లా ఎన్నిసార్లో. అప్పటికీ భయం లేదు, ఎందుకంటే బీరువాలో కాపీ పెట్టిన ఇంకో డిస్కు ఉండింది. దాన్ని తీసి తగిలిస్తే అదీ తెరుచుకోలేదు. చీర మడతల మధ్య అంత భద్రంగా పెట్టింది ఎందుకు చెడిపోవాలో నాకు అర్థం కాలేదు.

కంప్యూటర్ లోపలి డిస్కు కూడా ఊడదీసి, రెండూ చీరగుడ్డలో చుట్టుకుని ట్రైనెక్కి తిరువళ్ళూరు పోయినాను. స్టేషన్‌కు దగ్గర్లో మేడ మీద కంప్యూటర్లు రిపేరు చేసే అక్క ఉందని నేను డిజైన్లు వేసిచ్చే మగ్గాలాయన ఒకాయన చెప్పినాడు. ఆమె మొదటి డిస్కుకు కరెంటిచ్చి చెవి దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం విని ఆపేసింది.

"దీన్ని ఎన్నిసార్లు ఆన్ చేసినావమ్మా?"

"పది పన్నెండు సార్లు ఉంటుందక్కా."

"ఇంక చేయొద్దు. లోపల సూది గీరతా ఉండాది. చేసే కొద్దీ గీత పెద్దదవుతుంది."

రెండోదాన్ని తన కంప్యూటర్‌కు తగిలించి ఏదో లిస్టు తెరిచి నాకు చూపించింది. డిస్కు మొత్తం ఎన్ని గంటలు నడిచిందో దాని లోపలే రాసి ఉంటుందంట. నేను ఏడాదికి నాలుగుసార్లు కూడా తీయని డిస్కు కొన్నేళ్ళపాటు ఆపకుండా తిరిగినట్టు చూపించింది.

"ఎవురి ఆఫీసులోనో అరిగిపోయినదానికి కొత్త స్టిక్కర్ అంటించి నీకు ఇచ్చినారు. యాడ కొన్నావు?"

చెప్పడానికి నాకు సిగ్గేసింది. రెండూ ఒకే రోజు, ఒకే షాపులో, తక్కువకు వస్తున్నాయని కొన్నవే.

అక్క వాటిని చెన్నైలో చెడిన డిస్కుల్లోంచి ఫైళ్ళు వెలికితీసే చోటికి పంపించింది. నెల తరవాత కొన్ని ఫోటోలు, పాత బిల్లులు, ఏడెనిమిది డిజైన్లు తిరిగొచ్చినాయి. అక్క వాటిని తన దగ్గరున్న ఒక పాత డిస్కులో వేసిచ్చి, అప్పటికి దాన్నే కంప్యూటర్‌లో పెట్టుకోమనింది. మామ దగ్గర నేర్చుకుని వేసినవాటిలో ఒక్కటీ రాలేదు. కొన్ని రోజులు కంప్యూటర్ దగ్గర కూర్చోబుద్ధి కాలేదు. ఈ పని వదిలేసి ఏదన్నా షాపులో చేరదామని కూడా అనుకున్నాను.

అప్పుడే ఊరి బయట నాలుగు మగ్గాలున్న పెద్దాయన ఫోన్ చేసినాడు. నేను అన్నా అని పిలుస్తాను. రెట్టపేట నెమలికి, అంటే జోడంచు నెమలికి, కొత్త అట్టలు కావాలన్నాడు.

"ఆ డిజైను పోయిందన్నా. అన్నీ పోయినాయి."

"పోయేదేంది? నా మగ్గం మీద ఏలాడతా ఉండాది గదా. పాత అట్టలు నలిగినాయని కొత్తవి అడిగినాను, అంతే."

రంధ్రాలంటే డిజైనే గదా. అది నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలీదు.

మర్నాడే పోయి ఆ దండ తెచ్చుకున్నాను. ఒక్కో అట్టను తెల్లకాగితం మీద పెట్టి, రంధ్రం ఉన్న చోటల్లా కంప్యూటర్‌లో గడి నింపినాను. మూడు రోజులకు నెమలి ముక్కు కనిపించింది, వారానికి తోక. అయితే ఒక అట్టలో రెండు రంధ్రాలకు కాగితం అంటించి మూసి ఉన్నారు. అన్నను అడిగితే నవ్వినాడు.

"నువ్వు తప్పు కొట్టినావమ్మా. నెమలి కాలు వంకరగా పడతా ఉండింది. నీకు చెప్తే బాధపడతావని నేనే మూసేసినా."

ఆ తప్పు నా ఫైలులో ఏళ్ళ తరబడి ఉండిపోయిందన్న మాట. ఈసారి దిద్ది ఎక్కించినాను. సంగతి తెలిసి మిగతా మగ్గాలవాళ్ళు కూడా అటక మీద పడేసిన దండలు తెచ్చి ఇచ్చినారు. కొన్నిట్లో ఎలుకలు కొరికిన అట్టలుంటే పాత చీర అంచు చూసి లెక్క సరిచేసుకున్నాను.

నెమలి పూర్తయిన వారం మళ్ళీ తిరువళ్ళూరు పోయినాను. "ఎప్పటికీ పోని డిస్కు ఏ కంపెనీదో చెప్పక్కా" అన్నాను. ఆమె టేబుల్ కింది అట్టపెట్టె లాగి చూపించింది. అన్ని కంపెనీలవీ చచ్చిన డిస్కులు.

"పోనిది లేదు. రెండూ ఒకేసారి పోకుండా చూసుకోవాల. ఒకే కంపెనీ, ఒకే లాటు వద్దు. గ్యారంటీ ఎన్నేళ్ళో చూడు. సీలు విప్పినాక ముందు గంటలు చూడు, సున్నాకు దగ్గరగా ఉండాల."

ఆమె చెప్పినట్టే రెండు వేరే వేరే కంపెనీలవి, వేరే వేరే షాపుల్లో కొన్నాను. ఒకదాంట్లో గంటలు ఎక్కువ చూపిస్తే ఆ పూటే తిరిగిచ్చి మార్పించుకున్నాను. షాపాయన గొణిగినాడు గానీ మార్చినాడు. అక్క తన కంప్యూటర్‌లో రెండిట్నీ నిండా రాయించి, మళ్ళీ చదివించి, ఎక్కడా తప్పు రాలేదని చూసినాకే నా చేతికిచ్చింది. "కాపీ తీసి పెట్టడం కాదు, అప్పుడప్పుడు తెరిచి చూడాల" అని రెండుసార్లు చెప్పింది.

ఒక డిస్కు మా ఇంట్లో ఉంటుంది. రెండోది వెంగల్‌లో మా చెల్లెలింట్లో. కొత్త డిజైన్లు ఎక్కించడానికి నెలకొకసారి బస్సెక్కి పోతాను. వాళ్ళది వరి సేద్యం. నా పనేందో ఆమెకు సరిగ్గా తెలీదు. మొదటిసారి సరిచూడ్డానికి ఆమె కూతురి ల్యాప్‌టాప్‌లో నెమలి అంచు తెరిచినాను. చెల్లెలు తడి చేతులు తుడుచుకుంటా వచ్చి పక్కన కూర్చుంది. గళ్ళన్నీ చూసి, "ఇదంతా నువ్వు ఒక్కొక్కటి నింపిందేనా?" అనింది. అవునన్నాను. ఆకుపచ్చ చీరకు ఈ అంచు వేస్తే ఎట్లుంటుందని అడిగింది. రంగు మార్చి చూపించినాను.