అవ్వ పక్కన రెండో కుర్చీ

ముందే చెప్పేస్తున్నాను. నేను చూసిన ఎలుక, నా నోట్లోంచి బయటికొచ్చేసరికి ఏనుగవుతుంది. కానీ కాడుగోడిలో, మా ఇంటి మేడ మీద, ఆ సాయంత్రం జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతున్నాను... దాదాపు.

మా ఇంటి ఓనరు గంగులమ్మవ్వ. ఎప్పుడో పుంగనూరు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. భర్త మునిరత్నం తాత పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి దండ వేద్దామంటే ఫొటో లేదు. తీయక కాదు. ఫ్లాష్ వెలిగితే చాలు, తాత కళ్ళు మూసేసేవాడు. పెళ్ళి ఫొటోలో మూశాడు. ఆధార్ కార్డుకి మూశాడు. అక్కడ ఫొటోలు తీసే ఆయన విసిగి ఉద్యోగమే మానేశాడని నేను చెబుతుంటాను. నిద్రపోయే మొగుడికి దండ వేయనని అవ్వ పట్టు. అందుకే తాత రోజూ కూర్చునే కుర్చీ, దాని వీపు మీద ఆయన తువ్వాలు, పక్క కుర్చీలో తను... అలా ఒక ఫొటో తీసిపెట్టమంది. గోడకు అదే ఎక్కుతుందట.

నా దగ్గర పాత రెండు కళ్ళ కెమెరా ఉంది. బరువు గున్న ఏనుగంత. పై కన్ను మనం చూడటానికి, కింది కన్ను రీలు మీద బొమ్మ పడటానికి. పొట్ట దగ్గర పట్టుకుని, బావిలోకి చూసినట్టు తల వంచి గాజుపలకలోకి చూడాలి. అందులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది.

పొద్దు గుంకింది. ఆకాశం ఇంకా ఎర్రగా ఉంది. వెనక వైట్‌ఫీల్డ్ అద్దాల మేడలు వెలుగుతున్నాయి. ఆ వెలుగు ముందు అవ్వ ముఖం బొగ్గు. కాస్త ఫ్లాష్ కలిపితేగానీ తెలియదు. మరీ ఎక్కువైతే మైదాపిండి పూసినట్టుంటుందని ఫ్లాష్ మీద జేబురుమాలు కప్పాను. నవ్వమన్నాను.

"సుమ్నె, ఉత్తగా నవ్వమంటే ఎట్ల నవ్వేదప్పా? తీయి నువ్వు."

ఫ్లాష్ కుయ్‌య్... అని సన్నగా మొదలుపెట్టింది. ఛార్జి అవుతోంది. కింద వంద కుక్కలు ఒక్కసారిగా ఏడ్చాయి. సరే, రెండు. అవీ ఆగాయి. కుయ్‌య్... అదొక్కటే. ఎర్ర దీపం వెలిగింది. గాజులో చిన్న అవ్వ... చిన్న కుర్చీ... కుర్చీ మీద తువ్వాలు...

నొక్కాను.

వేరే పెద్ద కెమెరాల్లో నొక్కిన క్షణం కంటికి చీకటే. ఇందులో అలా కాదు. పై కన్ను మూసుకోదు. ఫ్లాష్ పడిన ఆ క్షణం కూడా కనిపిస్తుంది.

కనిపించింది.

తువ్వాలు కుర్చీ వీపు మీద లేదు... భుజం మీద ఉంది.

ఎవరి భుజమో చూసేలోపు వెలుగు ఆరిపోయింది. తల ఎత్తాను. గాజులో కనిపించిన వైపే చూశాను. అక్కడ నీళ్ళ ట్యాంకు. అమ్మయ్య... అనుకున్నాక గుర్తొచ్చింది, గాజులో వైపులు తారుమారని. మెల్లగా... మెడ అటు తిప్పాను. ఖాళీ కుర్చీ. వీపు మీద తువ్వాలు. దాని కొస మాత్రం ఊగుతోంది. గాలి లేదు.

అవ్వ నా వైపు చూడటం లేదు. ఆ కుర్చీనే చూస్తూ, పప్పులో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అంది.

"మళ్ళా కండ్లు మూసినాడు. ఇంగొకసారి తీయప్పా."

కుయ్‌య్... ఎర్ర దీపం మళ్ళీ వెలిగింది. నా వేలు కదల్లేదు. రీలు అయిపోయిందవ్వా అన్నాను. అవ్వ లేచి, తువ్వాలు మడిచి, కుర్చీతో అంది.

"లెయ్యి, పోదాం. ఇంగో రీలు తెస్తాడంట."

నా కళ్ళు చెదిరి ఉంటాయి. నాది చత్వారం వయసే. అవ్వది అలవాటైన మాటే కావచ్చు... ఏమో. రీలు కడిగితే తేలిపోతుంది కదా అంటారు మీరు.

నేను కల్పించింది ఇక్కడే ఉంది. కుక్కలు నిజం. తువ్వాలు నిజం. అబద్ధం ఒక్కటే. రీలు అయిపోలేదు. ఇంకో ఫొటో మిగిలే ఉంది. అది తీయకుండా రీలు బయటికి లాగేయవచ్చు. కానీ ఆ ఒక్కటీ అవ్వ అడిగింది.

సంవత్సరీకం వచ్చే వారమే. అవ్వ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఈ సాయంత్రం కూడా పైన కుర్చీలు లాగుతున్న చప్పుడు...

రెండూ ఒకేసారి.