సైన్యం ఆర్డరు కోసం ప్రార్థన

జమ్మలమడుగులోని ఆ చిన్న చర్చికి ఒక ఆనవాయితీ ఉంది. ప్రార్థన విన్నపం చెప్పుకున్నవాడే, అది నెరవేరాక లేచి సాక్ష్యమివ్వాలి. అంతదాకా ప్రతి ఆదివారమూ పాస్టరయ్య దాన్ని చదువుతూనే ఉంటాడు. జ్వరాలకూ పెళ్ళిళ్ళకూ ఇది బాగానే సాగింది. జయపాల్ విన్నపం దగ్గరే ఆయనకు నోరు తిరగడం లేదు: "సైనిక స్థావరాలకు చిన్న అణు రియాక్టర్లు!"

జయపాల్‌ది ఎర్రగుంట్ల రోడ్డులో వెల్డింగ్ షాపు. హైదరాబాదు కంపెనీ మేనేజరు వినోద్ కుమార్ ఒకరోజు దిగాడు. మంచు కొండల్లోని సైన్యం క్యాంపులకు డీజిల్ మోయలేక చస్తున్నారనీ, లారీలో పట్టే రియాక్టరు పెడితే ఏళ్ళ తరబడి కరెంటేననీ, వాటి ఇనుప చట్రాలు జయపాలే కట్టాలనీ చెప్పాడు. "షాపు ఖాళీగా ఉంచండి" అన్నాడు. జయపాల్ ఉంచాడు. గేట్లకని వచ్చినవాళ్ళను ప్రొద్దుటూరుకు పంపేశాడు. రెండు క్రిస్మస్‌లు గడిచాయి. షాపులో బూజు పట్టింది.

చివరికి వినోద్ కుమార్‌కు ఫోన్ చేశాడు. "ఏంది సార్, ఇంగెప్పుడు?"

"సైన్యానికి కావాలండీ, కానీ డిజైనుకు అనుమతి రావాలి, ఇంధనం దొరకాలి. పైగా మొదటిది కొనేందుకు ఎవరికీ ధైర్యం లేదు, రెండోదైతే అందరికీ కావాలి. పదేళ్ళనుకోండి."

ఆ సాయంత్రమే వీధి చివరింటి గుల్జార్‌బీ వచ్చి షాపు ముందు నిలబడింది. "ఏమప్పా, సైన్యానికేనా, మాకు గేటు సేసేది లేదా?"

జయపాల్ కొలతల టేపు తీశాడు.

ఆదివారం సాక్ష్యాల వేళ భారంగా లేచాడు. ఆ విన్నపం ఇంకొక్కసారి చదివితే తల ఎత్తుకోలేడు. "దేవునికి స్తోత్రం. ఆర్డరు వచ్చింది."

చప్పట్లు మోగాయి. ముందు వరుసలోంచి ముసలి సంతోషమ్మ వెనక్కి తిరిగింది. "సైన్యానిదేనా నాయనా?"

చర్చిలో అబద్ధం ఆడలేకపోయాడు. "గుల్జార్‌బీ ఇంటి గేటుదమ్మా."

నవ్వులు. పాస్టరయ్య హాయిగా ఊపిరి పీల్చుకుని పాత విన్నపం కొట్టేయబోయాడు.

"కొట్టేయొద్దయ్యా" అంది సంతోషమ్మ. "పదేండ్లకు నేనుంటానా? నా వంతు ప్రార్థన ఇప్పుడే సేసి పోతా." కళ్ళు మూసుకోబోతూ గొంతు తగ్గించింది. "జయపాలూ, మా కోళ్ళగూటికి తలుపు ఊడిపోయింది. ఖాళీగానే ఉండావు గదా?"

జయపాల్ తల వంచుకునే, ఉన్నానన్నట్టు ఊపాడు.