కంపెనీకి చేతులుండవు

మొన్న ఆదివారం మా అమ్మాయి స్కూల్లో అడిగి తెచ్చుకున్న గిటారు పెట్టెను బిషాన్‌లోని మా ఫ్లాట్ హాల్లో తెరిచింది. నిమ్మనూనె వాసన గుప్పుమంది. దాని వెనకే చెమ్మపట్టిన చెక్క వాసన. వంటింట్లో చింతపండు పిసుకుతున్న నేను చేతులైనా కడుక్కోకుండా వచ్చి నిలబడిపోయాను. "వాట్ హ్యాపెండ్, మా?" అంది పిల్ల. ఏం చెప్పను? ఆ వాసనకి నా దగ్గర ఒక పేరుంది, మారిసోల్ అని. ఆ పేరు తలుచుకుంటే నాకు ముందు వచ్చేది బెంగ కాదు, కోపం. ఇరవై ఏళ్లు దాటినా ఆ కోపం చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

అది వైటూకే గండం గడిచిన మరుసటి ఏడాది. కంప్యూటరు ముందు కూర్చోగలిగిన ప్రతివాళ్లనీ విమానం ఎక్కిస్తున్న రోజులు. నేను కావలి నుంచి ఈ దేశం వచ్చి ఒక డాట్‌కామ్ కంపెనీలో చేరి, జురాంగ్ ఈస్ట్‌లో ఒక చైనీస్ ఆంటీ ఫ్లాట్‌లో గది తీసుకున్నాను. పక్క గదిలో మారిసోల్ ఉండేది. ఇరవై రెండేళ్ల పిల్ల. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న చిన్న ఊరు వాళ్లది. ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీషు. ఇక్కడి హోటల్లో సాయంత్రాలు పాడే ఒప్పందం మీద వచ్చింది. అక్కడ ఎవరెవరివో పాత పాటలు పాడేది, పగలంతా గదిలో తన పాటలు కట్టుకునేది. వాటిని కంట్రీ పాప్ అంటారని ఆమే చెప్పింది. పల్లెటూరి కబుర్లు, హుషారు బాణీ, చేతిలో గిటారు. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే అయినా నాకు మాత్రం ఆ మాటలన్నీ తెలుగులోనే గుర్తున్నాయి.

మా స్నేహం బియ్యంతో మొదలైంది. ఈ ఊరి చెమ్మకి ఆమె గిటారు చెక్క ఉబ్బి, పొద్దున సరిచేసిన శ్రుతి మధ్యాహ్నానికి జారిపోయేది. రోజూ నిమ్మనూనె రాసి తుడిచేది, తిట్టుకునేది. మా ఇంట్లో ఉప్పుడబ్బాలో గుప్పెడు బియ్యం వేస్తాం కదా అని గుర్తొచ్చి, నేను బియ్యం దోరగా వేయించి, పాత చున్నీ ముక్కలో మూటకట్టి ఆమె గిటారు పెట్టెలో పెట్టాను. ఆ కమురు వాసనకి ఆంటీ గదిలోంచి బయటికొచ్చి, "గిటార్ కెన్. ఫ్రై ఫ్రై ఎవ్రీడే కెనాట్ లా," అని చెప్పి వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి శ్రుతి నిలబడింది. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి బియ్యం మార్చడం నా పని అయిపోయింది.

పాట కట్టడంలో ఆమెకి ఒక నియమం ఉండేది. ప్రతి పాటలో వాళ్ల అమ్మమ్మకి అర్థమయ్యే చరణం ఒకటి ఉండాలి. ఆ అమ్మమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు. మారిసోల్‌ని పెంచింది ఆవిడే. పాట సగం తయారవగానే ఫోన్‌కార్డు కొనుక్కొచ్చి, ఆ చరణం అమ్మమ్మకి వినిపించేది. ఆవిడ ఒప్పుకుంటేనే మిగతా పాట. "మరి ఒప్పుకోకపోతే?" అని అడిగాను ఒకసారి. "తప్పు నాదని అర్థం. ఆవిడకి అర్థం కానిది నేను నిజంగా అనుకోలేదన్నమాట," అంది.

ఆమె పాటల్లో గొప్పది 'వంతెన బస్సు'. అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు రోజూ బస్సెక్కి, వంతెన దాటి, పరాయి ఇళ్లలో బట్టలు ఇస్త్రీ చేసి వచ్చేదట. ఇంగ్లీషు చరణాల్లో మనవరాలు తను చూసింది చెబుతుంది. స్పానిష్ చరణంలో అమ్మమ్మ మాట్లాడుతుంది. స్టౌ మీద చిక్కుడుగింజలు ఉన్నాయి తిను, తలుపు గడియ పెట్టుకో, నేను రాకపోతే భయపడకు. అంతే ఆ చరణం. అర్థం తెలియకముందే అది విని నేను ఏడ్చాను, తెలిశాక ఇంకోసారి ఏడ్చాను.

ఆ పాటను మా బాసు దగ్గరికి మోసుకెళ్లింది నేనే. ప్రసాద్ గారు గుంటూరు వారు. ఇంటర్నెట్‌లో పాటలు పెట్టి కొత్త గాయకుల్ని పైకి తెస్తామన్నది మా కంపెనీ గొప్ప. ఆ పాటల్ని సరిచేసి సైట్లో ఎక్కించడం నా పని. ఆయన పాట విన్నారు, ఫొటో చూశారు, ఫొటో ఇంకోసారి చూశారు. నెల తిరక్కుండా ఆల్బం ఒప్పందం అయింది. ఆ రోజు మారిసోల్ నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. అప్పటినుంచి ఆమెను సరిదిద్దడం మొదలైంది. ఏసీ హాల్లో పెట్టుకోవడానికి ఇంత వెడల్పు టోపీ తెచ్చారు. "మా ఊళ్లో టోపీ ఎండకి పెట్టుకుంటారు," అంది మారిసోల్. ఎవరూ నవ్వలేదు. టెక్సాస్ అమ్మాయి అని చెబితే చాలు, మెక్సికో గొడవంతా ఎందుకన్నారు. ఆఫీసులో అందరి ముందూ నేనూ ఇంకో తెలుగబ్బాయీ రెండు ముక్కలు తెలుగులో మాట్లాడుకుంటే ముఖం చిట్లించే మనిషి, ఆ పిల్ల స్పానిష్‌ని బతకనిస్తాడని నేనెలా అనుకున్నానో నాకే తెలియదు.

ముందుగా ఆ ఒక్క పాట ఆవిష్కరణ ఆదివారం, ఆయన నన్ను గదిలోకి పిలిచింది శుక్రవారం. "చూడమ్మా సుజాతా, ఇక్కడ స్పానిష్ ఎవడు వింటాడు? మధ్యలో ఆ చరణం లేపేస్తే పాట పొట్టిగా, నీట్‌గా ఉంటది. సైట్లో పెట్టేదీ, స్టేజీ మీద వేసేదీ రెండూ కట్ చేసి పెట్టేయ్."

"మారిసోల్‌కి చెప్పారా సార్?"

"పైన డిసైడ్ అయిపోయిందమ్మా. నేను చూసుకుంటాలే."

"అట్టాగే సార్," అన్నాను.

ఆ 'అట్టాగే' నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అంతకంటే సిగ్గుచేటైనది ఇంకొకటుంది. కోసిన చోట అతుకు వినపడకూడదని గంటసేపు కష్టపడ్డాను. పని నున్నగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా. మా కంప్యూటరు ఉద్యోగులకు అలవాటైన తప్పు అది. చెప్పిన పని బాగా చేశామా అనే చూసుకుంటాం, ఏం పని చేశామో చూసుకోం. పాటలో ముసలావిడ ఇంకా బస్సెక్కుతూనే ఉంది, వంతెన దాటుతూనే ఉంది, ఆవిడ నోరు మాత్రం నేను మూసేశాను. శుక్రవారం, శనివారం కూడా మారిసోల్ గోడ అవతలే ఉంది. ఆయన చెబుతారు కదా అని నేను చెప్పలేదు. ఆయనా చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒక మాల్‌లో వేదిక. ప్లాస్టిక్ కంచె, గడ్డిమోపులు పెట్టారు. గిటారు ఊరికే పట్టుకోవాలి, వెనక సంగీతం, పల్లవికి తోడుగా ఆమె గొంతూ టేపు మీద వస్తాయి. చుట్టూ షాపింగ్ సంచులవాళ్లు, సెలవు రోజని బూన్ లే హాస్టళ్ల నుంచి వచ్చిన, షిప్‌యార్డులో ఓడల పనిచేసే మనవాళ్లు కొందరు ఉన్నారు. రెండో చరణం అయింది. మారిసోల్ కళ్లు మూసుకుని స్పానిష్ మొదటి మాట అందుకుంది. అప్పటికే టేపు పల్లవిలోకి దూకేసింది. ఆమె మాట మీద ఆమె గొంతే ఎక్కింది. కళ్లు తెరిచి, చెయ్యెత్తి ఆపమంది. టేపు ఆగింది. టోపీ తీసి గడ్డిమోపు మీద పెట్టి, ఊరికే పట్టుకోవాల్సిన గిటారును నిజంగా అందుకుని, పాట మొదటినుంచీ మొత్తం పాడింది. శ్రుతి ఎక్కడా జారలేదు. నా పక్కన నిలబడ్డ కరీంనగర్ అతను, "అక్కా, ఆ నడుమల పాడింది ఏం భాష?" అని అడిగాడు. స్పానిష్ అన్నాను. "సమజైతే కాలే గని, ఇంటికాడ ఎవలో మాట్లాడినట్టే ఉన్నది," అన్నాడు. స్పానిష్ ఎవడు వింటాడన్న ప్రసాద్ గారు అవతల ఫోన్లో మాట్లాడుతున్నారు.

వేదిక వెనక మారిసోల్ నన్నే అడిగింది. "చరణం ఎవరు తీసేశారు?"

"కంపెనీ," అన్నాను.

"కంపెనీకి చేతులుండవు సుజాతా. ఎవరి చేతులు?"

నేను రెండు చేతులూ ముందుకు చాపాను. ఆమె వాటిని చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "ఇంటర్నెట్‌లో కూడా ఇలాగే ఉందా?" అంది. అవునన్నాను. "మా అమ్మమ్మ చర్చికి వెళ్లేముందు మా మామయ్య ఇంట్లో కంప్యూటర్లో వినడానికి వెళ్తోంది. అక్కడ పొద్దున తొమ్మిదికి, అంటే మనకి ఈ రాత్రికి. మా ఊళ్లో సగం మందికి చెప్పింది," అని గిటారు పెట్టెలో సర్దుకుంది.

నేను రైలెక్కి ఆఫీసుకి వెళ్లాను. అసలు పాట నా దగ్గరే ఉంది. చీకటి పడకముందే దాన్ని సైట్లో పెట్టేశాను. పదిసార్లు విని చూసుకున్నాను. అంత భయం నాకు పరీక్షల్లో కూడా వేయలేదు. మర్నాడు ప్రసాద్ గారు గదిలోకి పిలిచారు.

"ఇది ఎవరు పెట్టారు?"

"నేనే సార్."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అన్లేదు సార్. నేనే పెట్టాను."

నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. మధ్యాహ్నానికి ఇంకెవరిచేతో కోసిన పాట మళ్లీ పెట్టించారు. మనిషి మొండి అని పేరుపెట్టి మారిసోల్ ఆల్బం ఆపేశారు. హోటల్ ఒప్పందం ముగియగానే ఆమె వెళ్లిపోయింది. కొన్ని నెలలకి డాట్‌కామ్‌ల గాలి పోయి మా కంపెనీయే మూతపడింది. అది కూడా పైన డిసైడ్ అయిపోయిందట.

వెళ్లేరోజు నేను క్షమించమని అడిగాను. ఆమె సరే అనలేదు, కాదనీ అనలేదు. "అమ్మమ్మ వింది. మొత్తం వింది. ఆ చరణంలో నువ్వు తొందరపడ్డావు, గింజలు ఉడకనివ్వలేదు అంది," అని నవ్వి, పెట్టెలోని బియ్యం మూట తీయకుండానే పట్టుకెళ్లింది.

మొన్న మా అమ్మాయికి, తన గిటారు పెట్టె కోసం బియ్యం వేయిస్తూ ఇదంతా చెప్పాను. అంతా విని, "సో, షీ బికేమ్ ఫేమస్ ఆర్ నాట్?" అంది. ఎవరికి చెప్పినా ఇదే అడుగుతారు. పేరొస్తేనే ఆ చరణానికి విలువా? ఆమెకి పేరొచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ ముసలావిడ వింది, అది తెలుసు.

ఇప్పుడు నేను పనిచేసే చోట వైద్యశాలల కోసం వెబ్‌సైట్లు తయారుచేస్తాం. ముసలివాళ్లు అపాయింట్‌మెంట్ తీసుకునే చోట తమిళ పేజీ ఒకటుంది. ఎక్కువమంది వాడటం లేదు కాబట్టి తీసేయాలని పోయిన నెల మీటింగులో అన్నారు. ఆల్రెడీ డిసైడెడ్ అన్నారు. ఎవరు డిసైడ్ చేశారని అడిగాను. టీమ్ అన్నారు. "సరే, తీసేది ఎవరి చేత్తో? పేరు చెప్పండి, రాసుకుంటాను. నా చేత్తో మాత్రం కాదు," అన్నాను. గదిలో పదిమంది ఉన్నారు, ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ పేజీ ఇంకా ఉంది.