సిస్టర్ ఊరి బడికి ఉత్తరాలు

రేచల్‌ది మేడ్చల్. తండ్రి లేడు. తల్లి ఏసమ్మ ద్రాక్షతోటల్లో కూలికి పోయి బిడ్డను చదివించింది. చర్చివాళ్ళు సికింద్రాబాద్‌లో సిస్టర్ల కాలేజీలో సీటిప్పిస్తే, అక్కడ కెనడా నుంచి వచ్చిన ఒక ముసలి సిస్టర్ దగ్గర ఫ్రెంచ్ నేర్చుకుంది. అదే ఎందుకని ఎవరైనా అడిగితే రేచల్ దగ్గర పెద్ద జవాబేమీ ఉండేది కాదు. ఆ సిస్టర్ తిట్టకుండా చెప్పేది, అంతే.

1998లో తూంకుంటలో ఓ కొత్త ప్రైవేటు స్కూల్లో ఫ్రెంచ్ టీచరుగా చేరింది. చుట్టూ తోటలు పోయి కాలనీలు లేస్తున్నాయి. హిందీ కంటే ఫ్రెంచ్‌లో మార్కులు బాగా పడతాయని కాలనీల వాళ్ళు పిల్లలు అదే తీసుకునేలా చేసేవారు. మార్కులు పడేవి. భాష మాత్రం వేసవి సెలవుల్లోనే పిల్లల నోట్లోంచి జారిపోయేది. జూన్‌లో రేచల్ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది.

సిస్టర్ రిటైరై కెనడాలో సొంత ఊరికి వెళ్ళిపోయింది. 2002లో అక్కడినుంచి ఉత్తరం రాసింది. అందరూ ఫ్రెంచే మాట్లాడే చిన్న ఊరు అది. జనం తొమ్మిది వందలు. ఒకటే బడి, ఇద్దరు టీచర్లు, ముప్పై ఏడుగురు పిల్లలు. 'మా పిల్లలకు మీ పిల్లల చేత ఉత్తరాలు రాయించు' అని అడిగింది.

రేచల్ ఆ ఉత్తరం ఎనిమిదో తరగతిలో చదివి వినిపించింది. నవ్యశ్రీ అనే అమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, మన సెక్షన్‌లోనే యాభై ఎనిమిది మంది ఉన్నాం కదండీ. వాళ్ళ బడి మొత్తం మన క్లాసులో పట్టేస్తుంది!"

క్లాసంతా నవ్వింది. చాలా రోజుల తర్వాత రేచల్ కూడా నవ్వింది.

ఏటా ఉత్తరాలు పోయేవి, వచ్చేవి. తప్పులు దిద్దడానికి రేచల్‌కు ఆదివారాలు చాలేవి కావు. అవతలి లెక్క తగ్గుతూ వచ్చింది. ముప్పై ఒకటి, ఇరవై ఆరు, పంతొమ్మిది. ఇక్కడ ఏటా ఒక సెక్షన్ పెరిగేది. మధ్యాహ్నానికే రేచల్ గొంతు పోయేది.

2006 ఏప్రిల్‌లో ప్రిన్సిపాల్ ఫణిభూషణ్ ఆమెను పిలిపించాడు.

"రేచల్ గారూ, ఎనిమిది నుంచే ఐఐటీ ఫౌండేషన్ కావాలని పేరెంట్స్ పట్టుబడుతున్నారండి. పీరియడ్లు ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? ఫ్రెంచ్ తీసేస్తున్నాం. మీరు ఐదో తరగతికి సోషల్ తీసుకోండి."

"ఎన్ని సెక్షన్లు సార్?"

"నాలుగండి."

సరేనంది. వాదించే ఓపిక లేదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో కూలబడింది.

"ఏందే, గట్ల కూసున్నవ్?" అంది ఏసమ్మ.

"ఫ్రెంచ్ తీసేసిన్రమ్మా."

"నిన్ను గూడ తీసేసిన్రా?"

"లేదు. సోషల్ చెప్పుమన్నరు."

"మరి ఇగ పరేషాన్ ఎందుకు? లేచి ఇంత బువ్వ తిను."

రేచల్ తిన్నది.

ఆ ఏడాది పిల్లలు రాసిన ఉత్తరాలు అప్పటికే దిద్ది ఉన్నాయి. పోస్టు చేసింది. జూలైలో సిస్టర్ జవాబిచ్చింది. ఊరి బడి మూసేశారట. పిల్లలు పక్క పట్నానికి బస్సులో పోవాలట. సిస్టర్ కర్ర పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచిందట. తిరిగి రాసింది ఒక్క పిల్లే. ఆ కాగితం కవరులోనే ఉంది. 'పొద్దున ఆరున్నరకే బస్సు. అందులోనే నిద్రపోతాను. కొత్త బడి చాలా పెద్దది. నా పేరు ఇంకా ఎవరికీ తెలియదు' అని రాసింది.

అది నవ్యశ్రీ చెల్లెలు హరిచందనకు వచ్చిన జవాబు. తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గర రేచల్ ఆ కాగితం ఇవ్వబోతే, "ఇప్పుడు టైమ్ లేదండీ మేడమ్, వీక్లీ టెస్టుంది" అంటూ ఆ పిల్ల లోపలికి పరుగెత్తింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక రేచల్ తనే ఆ కాగితానికి జవాబు రాయడానికి కూర్చుంది. నాలుగు వాక్యాలు రాసింది. 'అలసట' అనే మాట దగ్గర ఆగిపోయింది. ఎన్నేళ్ళు చెప్పిన మాటో, ఫ్రెంచ్‌లో గుర్తు రావడం లేదు. లేచి డిక్షనరీ తెచ్చుకుంది.