పోపు పెడ్తాండా, దిండు పట్టుకో

నా గొంతు పత్తికొండ బస్టాండు దాకా వినిపిస్తుందని మా ఆయన అంటుంటాడు. ప్రభుత్వ హైస్కూల్లో ఆటల టీచర్ని. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు వినబడాలంటే గొంతైనా ఉండాలి, విజిలైనా ఉండాలి. నాకు రెండూ ఉన్నాయి. అలాంటి నన్ను కర్నూలు డాక్టరు, కొన్నాళ్లు విజిలు ఊదొద్దు, అరవొద్దు, దగ్గొద్దు, గట్టిగా నవ్వొద్దు అన్నాడు. మరి బతికేదెట్లా సార్ అని అడిగాను. మెల్లగా బతకండమ్మా అన్నాడు.

బొడ్డు పైన నిమ్మకాయంత ఉబ్బు కనబడి చాలా కాలమే అయింది. ఇద్దరు పిల్లల్ని కన్న పొట్ట, అట్లాగే ఉంటుందిలే అని పట్టించుకోలేదు. ఒకరోజు బళ్లో టెన్నికాయిట్ ఆడుతున్నాను. నెట్టుకు అటూ ఇటూ నిలబడి రబ్బరు రింగును విసురుకునే ఆట అది, మా ఆడపిల్లలు రింగాట అంటారు. పైకెగిరి రింగు అందుకుని కిందికి దిగేసరికి ఆ నిమ్మకాయ గట్టిపడి, ఎంత నొక్కినా లోపలికి పోనంది. కర్నూలుకు పరుగెత్తాం. హెర్నియా అన్నారు. పొట్ట గోడ పలచబడి పేగు బయటికి తోసుకొస్తోందట. దాన్ని లోపలికి నెట్టి, అడ్డంగా వలలాంటి జాలీ ఒకటి పెట్టి కుట్టేశారు.

ఆపరేషన్ కన్నా ఇంటికి చేరడమే కష్టమైంది. కర్నూలు నుంచి పత్తికొండ దాకా ఉన్న ప్రతి స్పీడు బ్రేకరూ నా పొట్టకు తెలుసు. మా ఆయన కారు ఎంత మెల్లగా నడిపాడంటే, టమోటాలు వేసుకుపోతున్న ట్రాక్టరు ఒకటి మమ్మల్ని దాటేసింది. దాని డ్రైవరు వెనక్కి తిరిగి, "ఏమప్పా, బండి చెడిపోయిండాదా? తాడు కట్టి లాగమంటావా?" అని అడిగాడు. నాకు నవ్వాగలేదు. నవ్వితే ప్రాణం పోయినంత పనైంది. కుట్లు అదరకుండా అడ్డం పెట్టుకోమని ఆస్పత్రిలో చెప్పిన దిండు పొట్టకు అదిమిపట్టుకుని ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. మా ఆయన కారు పక్కకు ఆపి, ఆ ట్రాక్టరు కనుమరుగయ్యాక గానీ కదల్లేదు.

ఇంట్లో మా అత్త ఉంది. ఆమె నాకు మేనత్త కూడా, మా నాన్నకు అక్క. అందుకని మా మధ్య మర్యాదలు తక్కువ, పోట్లాటలు ఎక్కువ. పొద్దున్నే చేనికి పోయి కూలీలతో పని చేయించిన మనిషి. నాకు మైదానం ఎట్లాగో ఆమెకు చేను అట్లాగ. ఒకే ఇంట్లో రెండు పెద్ద గొంతులు. నేను నోరు మూసుకోవాల్సి వచ్చిన ఆ వారాలు ఆమెకు పండగే అనుకోవాలి.

మా ఇంట్లో వంట మొదలైతే వీధికంతా తెలుస్తుంది. ఇంటికొచ్చిన మర్నాడే అత్త కాగిన నూనెలో ఎండుమిరపకాయలు వేసింది. ఆ ఘాటుకు నాకు తుమ్మొచ్చింది. ఒక్క తుమ్ముకు కుట్లన్నీ తెగి పేగులు చేతికొచ్చాయనుకున్నాను. నా అరుపు విని అత్త గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. పోపు మానుకోమని నేను అడగలేదు. అడిగినా ఆమెకు చేతకాదు. ఆ పూట నుంచి వంటింట్లోంచి ముందుగానే కేక వచ్చేది: "పోపు పెడ్తాండా, దిండు పట్టుకో." నేను దిండు అదిమిపట్టుకుని, ముక్కు మూసుకుని సిద్ధంగా ఉండేదాన్ని. అంతటితో ఆగిందా? గోడవతల ఉండే సాయిబుగారి కోడలికి కూడా మా అత్త ఆర్డరు వేసింది. పాపం ఆ పిల్ల కూడా గోడ మీదుగా, "అక్కా, మిరపకాయలు ఏంచుతాండా, జాగ్రత్త" అని చెప్పి మరీ ఏంచేది. రెండిళ్ల వంట అయ్యేదాకా నాకు దిండు వదిలే వీలుండేది కాదు.

చూడ్డానికి వచ్చినవాళ్లు బ్రెడ్డు, బత్తాయిలు తెచ్చారు. వాటితో పాటు కథలూ తెచ్చారు. మా ఆయన తరపు చుట్టం ఒకామె మంచం పక్కన స్థిమితంగా కూర్చుని, "మా చిన్నమ్మ కూతురికీ ఇదే. అంతా బాగయిండాది అనుకున్నాంక ఒకనాడు కాలువ దాటనీకి ఎగిరింది. లోపల జాలీ పుటుక్కుమనె. మళ్లా కోసిరి" అని చెప్పి కాఫీ తాగి వెళ్లింది. ఆమె చెప్పిన తీరుకు అప్పుడు నవ్వే వచ్చింది. కానీ ఆ పుటుక్కు మాత్రం నా చెవిలో ఉండిపోయింది.

సెలవు అయిపోయి బడికి వెళ్లాను. హెడ్మాస్టరు వరండాలో కుర్చీ వేయించి, "మేడం, మీరు ఈడనే కూర్చోండి. లేస్తే నాకు మాటొస్తాది" అన్నాడు. ఎవరి నుంచి మాట అని గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. మా అత్త ముందురోజే బడికొచ్చి, "నా కోడల్ని ఎగరనీయొద్దు సార్, దూకనీయొద్దు" అని చెప్పి పోయిందట. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి గొంతు పెంచకుండా పోట్లాడాను. గొంతు పెంచకుండా పోట్లాడటం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. ఆమె అంతా విని, అన్నం పెట్టింది.

తర్వాత కర్నూలుకు చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు పొట్ట నొక్కి చూసి, బ్రహ్మాండంగా మానింది, ఇక ఆడుకోవచ్చు అన్నాడు. మర్నాడే కోర్టులో దిగాను. పదో తరగతి పిల్ల రింగు ఎత్తుగా విసిరింది. చూస్తూనే ఉన్నాను, చెయ్యి లేచింది గానీ కాళ్లు నేలను వదల్లేదు. రింగు నా తల మీదుగా పోయి వెనకాల పడింది. ఇంకొకటి వచ్చింది, అదీ అంతే. మేడం కావాలని వదిలేస్తున్నారని పిల్లలు అనుకున్నారు. భయపడితే ఆట రాదని ఏళ్ల తరబడి వాళ్ల మీద కేకలేసిన నోరు నాది. కుర్చీలో కూర్చుని జీతం తీసుకునే ఆటల టీచర్లను ఎగతాళి చేసిన నోరు కూడా ఇదే. ఇక ఎగరలేకపోతే నేనూ ఆ కుర్చీ మనిషినేనా? డాక్టరు జాలీ గట్టిగా ఉందన్నాడు. నా కాళ్లకు ఆ మాట ఎవరు చెప్పాలి?

ఎవరూ చూడకుండా సాధన చేద్దామని ఒక రింగు ఇంటికి తెచ్చి, సాయంత్రం పెరట్లో గోడకేసి కొట్టడం మొదలుపెట్టాను. కిందపడిన రింగు కోసం వంగేలోపు అత్త వచ్చేసింది.

"యాడ వంగుతావు? వంగొద్దు. నేనెత్తిస్తా ఉండు."

"డాక్టరు వంగొచ్చన్నాడత్తా."

"డాక్టరు కర్నూల్లో ఉండాడు. ఈడ నేనుండా."

నేను గోడకు వేయడం, అత్త ఎత్తి తెచ్చి చేతికివ్వడం. అట్లా రోజూ సాగింది. కొన్నాళ్లకు ఆమెకు మోకాళ్లు పట్టేసి, అటూ ఇటూ తిరగలేక, ఉన్నచోటి నుంచే నాకు విసరడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకు ఇద్దరికీ గోడతో పనే లేకుండా పోయింది. కొంగు నడుముకు దోపుకుని ఆమె అటు, నేను ఇటు. ఆమె రింగు ఎప్పుడూ మెల్లగా, నేరుగా నా గుండెల మీదికే వచ్చేది. ఈ వయసులో అంతకన్నా ఏం వేస్తుందిలే అనుకున్నాను. అలవాటు ఊరుకోనిస్తుందా, మణికట్టు తిప్పత్తా అని పాఠాలు కూడా చెప్పాను. నీ మణికట్టు నువ్వు జూసుకో అనేది.

ఒకరోజు ఆమె విసిరిన రింగు ఎందుకో బాగా పైకి లేచింది. నేను ఎగిరాను. ఎగరాలని అనుకోలేదు, ఎగిరాను అంతే. రింగు చేతిలో ఉంది, కాళ్లు మళ్లీ నేల మీద ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకొక పొట్ట ఉందని. చెయ్యి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ పుటుక్కు కోసం ఎదురుచూశాను. ఏమీ లేదు. అత్త గబగబా వచ్చి చీర పక్కకు తోసి బొడ్డు మీద అరచెయ్యి ఆనించింది.

"నొస్తాందా?"

"లేదత్తా."

"నిజం చెప్పు."

"నిజంగానే లేదు." నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత సంతోషం నాకు ఏ పోటీలో గెలిచినా కలగలేదు.

అత్త నా చేతిలోంచి రింగు తీసుకుని తన చోటికి వెళ్లి, జారిన కొంగు మళ్లీ బిగించింది.

"అయితే ఇంగ సరిగ్గా ఏస్తా. కాసుకో."

"ఇన్నాళ్లూ సరిగ్గా వేయలేదా?"

"జొన్నచేలో వడిసెల తిప్పి, రాళ్లతో పిట్టల్ని తోలిన చెయ్యమ్మే ఇది. నీ కడుపు జూసి మెల్లగేస్తాంటి."

ఆ రింగు నాకు అందలేదు. ఎగిరినా అందలేదు.