కాలువలో ఉప్పు

మా తర్కం అయ్యవారు పోయారని మంగళవారం తిరుపతి నుంచి కార్డు వచ్చింది. అప్పటి నుంచి చిత్తూరులో నేను పాఠం చెప్పే బడిలో ఒకచోట నిలవలేకపోతున్నాను. ఆయన మీలో చాలామందికి తెలియరు. అందుకే రాస్తున్నాను.

స్వాతంత్ర్యానికి ముందు ఏడాది నేను తిరుపతిలో ఇంటర్ చదివేవాణ్ణి. అయ్యవారు అప్పటికే యాభై దాటిన మనిషి, మాకు తర్కం చెప్పడం అయిపోగానే కెమిస్ట్రీ క్లాసుకు వెళ్లి వెనక బెంచీలో నోట్సు రాసుకునేవారు. తోటి లెక్చరర్లు నవ్వేవారు. ఆయనకు పట్టేది కాదు.

ఆ ఎండాకాలం ఊళ్లో కలరా తగిలింది. క్లాసుకు రాగానే, "పుస్తకాలు మూయండప్పా. నీది ఏ గ్రూపని అడిగి రాదు రోగం," అన్నారు.

హిస్టరీ వాళ్లు నాలుగు వీధుల్లో ముసలివాళ్లను అడిగి, పాత మురుగు కాలువలు ఎక్కడ పారేవో గీసుకొచ్చారు. కెమిస్ట్రీ వాళ్లు ఆ కాలువల్లో బస్తాల ఉప్పు కరిగించి పోశారు. రెండు రోజులకు బావుల నీళ్లలో ఉప్పును పట్టిచ్చే మందు చుక్క వేస్తే, మూడు బావుల నీళ్లు మునుపు లేనంతగా పాలలా తెల్లబడ్డాయి. కాలువలో ఉప్పు బావిలోకి వచ్చిందంటే మురుగూ వచ్చినట్టే.

ప్రకటన రాయడం నా వంతు. "ఈ కూపోదకము ప్రాణాంతకము" అని రాసి మురిసిపోయాను. దాన్ని వీధిలో పూలమ్మే ఆమెకు చదివి వినిపించమన్నారు.

"బాగుండాది నాయనా. ఏ దేవుడి పద్యం?" అందామె.

అయ్యవారు నవ్వలేదు. బావి సంగతి ఆమెకు చెప్పి, "నువ్వయితే ఏమని చెప్తావమ్మా?"

"ఈ బావిలో మురుగు కలిసినాది, తాగితే సస్తారు అంటా."

"అదే రాయప్పా," అన్నారు నాతో.

ఆ మాటే గోడల మీద రాశాం. ఆ మూడు బావులకూ జనమే ముళ్లకంప కప్పారు. ఇప్పటికీ ఏది రాసినా బయటివాళ్లకు ఒకసారి చదివి వినిపిస్తాను. అది ఆయన పెట్టిన భిక్ష.

ఐదో వీధి మిగిలింది. కాలేజీలో పరీక్ష ఉంది, సోమవారం చూద్దామన్నది నేనే. ఆయన నా మాట విన్నారు. ఆదివారం ఆ వీధిలో కుండలు చేసే అతను కలరాతో పోయాడు.

సోమవారం ఇద్దరం వెళ్లాం. దారిలో ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "అడగాల్సిన వీధి అడగలేదు మనం," అన్నారంతే. ఆ 'మనం' నన్ను కుదురుగా ఉండనీయదు.

పోయినతని తల్లి అరుగు మీద ఉంది. మమ్మల్ని చూసి లేచి, ఇంటి ముందు బావిలో చేద వేసి, చెంబు నింపి తెచ్చింది.

"ఎండన పడి వచ్చినారు. తాగండి సామీ."

అయ్యవారు రెండు చేతులా అందుకున్నారు. తాగలేరు. కింద పెట్టలేరు. ఆమె ఎదురుగా నిలబడి చూస్తోంది. చెంబులో నీళ్లు అంచుదాకా ఉన్నాయి, తేటగా.