యూరియా బకెట్టు

బెంగళూరు సర్జాపురలో అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిన పాత ఇంట్లో పెద్దమునియప్ప తెల్లారగానే బకెట్టు నీళ్లలో గుప్పెళ్లకొద్దీ యూరియా వేసి, చెయ్యి మోచేతిదాకా ముంచి కలిపి, మామిడిచెట్టు మొదట్లో పోస్తాడు. చెట్టు ఆకు మీద ఆకు వేసి నల్లగా బలిసింది. వచ్చిన కాస్త పూత కూడా పిందె పట్టకుండా రాలిపోయింది. దిష్టి పోవాలని కొమ్మకు పాత చెప్పులు కట్టాడు. అవి పిల్లల్లేని కోడలు నళినివి.

“మామా, యూరియా ఎక్కువైతే ఆకే వస్తాదంట, పూత నిలవదంట. తోటల ఆఫీసులో అడిగొచ్చినా. కాయలేదని చెట్టు కొట్టద్దు, ఈ ఒక్క ఏడు యూరియా ఆపి చూడు,” అంది నళిని.

“ఇంత మేపినా కాయలేదంటే తప్పు పెట్టినోనిదా, తిన్నదానిదా?” అని వీధంతా వినేలా నవ్వి, ఆ మధ్యాహ్నమే చెట్టు కొట్టించాడు. పడిన కొమ్మ నుంచి చెప్పులు విప్పి, దుమ్ము దులిపి, పక్కనే మొగ్గ తొడిగిన జామచెట్టుకు కట్టాడు.

“నళినీ, బకెట్టు తేమ్మా!”